సినిమా మోసేది ఆవిడ, పేరు మాత్రం దెయ్యానికి: చిన్న హారర్ సినిమాల పూర్ణ గురించి

సెకండ్‌షో_సత్తి
చిన్న బడ్జెట్ హారర్ అనగానే మనవాళ్ళు డైరెక్టర్ పేరు చెప్తారు, సౌండ్ గురించి చెప్తారు, దెయ్యానికి వేసిన మేకప్ గురించి కూడా అరగంట మాట్లాడతారు. రెండు గంటలసేపు సినిమాని భుజాన మోసిన అమ్మాయి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. నా కడుపుమంట పూర్ణ గురించి. 2012లో 'అవును', 2015లో 'అవును 2', అదే ఏడాది 'రాజుగారి గది', 2017లో 'రాక్షసి'. ఇన్ని చేసినా జనానికి "ఆ అవును సినిమాలో అమ్మాయి"గానే తెలుసు. మా ఆఫీసులో ఫోటో చూపించి అడిగితే ఒకడు అసిన్ అన్నాడు, ఇంకొకడు "ఢీ షోలో జడ్జి కదా" అన్నాడు. ఆమె సొంత పేరుతో గుర్తుపట్టినవాడు ఒక్కడూ లేడు. ఈవిడకి పెద్ద సినిమాలు ఎందుకు రాలేదు? హారర్ చేసినందుకు ముద్ర పడిపోయిందా, లేక హారరే లేకపోతే ఈమాత్రం కూడా గుర్తుండేది కాదా?

ఇడ్లీపాత్ర
అసిన్ అన్నవాడిని ఏమీ అనకు. ఆవిడ తమిళంలోకి వచ్చిన కొత్తలో అక్కడి వాళ్ళందరూ అదే మాట అన్నారు.

బెజవాడ_బాబ్జీ
కడుపుమంట దేనికి బాస్? సినిమా వ్యాపారం తెలిసిన ఎవరినైనా అడుగు, హారర్ తీసేదే హీరో ఖర్చు లేకుండా లాగించొచ్చని. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక రాత్రి. అక్కడ టికెట్ తెంపించేది "భయపెడతారట" అన్న మాట, హీరోయిన్ పేరు కాదు. పేరున్న హీరోయిన్ని పెడితే బడ్జెట్ పెరుగుతుంది, పెరిగితే అది చిన్న సినిమా కాదు. 'అరుంధతి'ని ఈ లెక్కలో కలపకండి, దాని గ్రాఫిక్స్ ఖర్చుతో ఇలాంటివి బోలెడు తీయొచ్చు.

సెకండ్‌షో_సత్తి
@బెజవాడ_బాబ్జీ సరే, పేరు చూసి టికెట్ కొనలేదు. కానీ కొన్నాక కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? 'అవును'లో దెయ్యం కనబడేది ఎంతసేపు? మిగతాదంతా ఆ అమ్మాయి మొహమే కదా.

నైట్‌డ్యూటీ_నర్సు
సత్తి గారి మాటే నాది. 'అవును'లో ఆమె పని ఎంత కష్టమో చాలామందికి అర్థం కాలేదు. కొత్తగా పెళ్ళయిన జంట, కొత్త ఇల్లు, ఆ ఇంట్లో ఎవరో తనని చూస్తున్నారని ఆమెకి అనుమానం. ఎదురుగా మనిషి లేడు. లేని మనిషి చెయ్యి తగిలినట్టు, లేని ఊపిరి మెడ మీద పడినట్టు ఆమె నటించాలి. అది నవ్వొచ్చే పని, కొంచెం అటూ ఇటూ అయినా థియేటర్లో ఈలలు పడతాయి. నేను చూసినప్పుడు హాల్లో ఒక్కడు కూడా నవ్వలేదు. నాకైతే అది దెయ్యం సినిమాలా కూడా అనిపించలేదు. బస్సులో వెనక నుంచి ఎవడో తాకితే, తిరిగి చూస్తే అందరూ అమాయకంగా నిలబడి ఉంటే ఎలా ఉంటుందో, ఆ మొహం అదే.

గోదారి_గట్టు
@నైట్‌డ్యూటీ_నర్సు మీరు చెప్పింది నిజమే అక్కా, కానీ నాకు అక్కడే చిరాకు. దెయ్యం దొంగచాటుగా చూస్తోందన్న వంకతో కెమెరా కూడా దాంతో కలిసి చూస్తుంది. స్నానాల గది, చీర మార్చుకోవడం, ఇదంతా భయపెట్టడానికా, పోస్టర్ వేసుకోవడానికా? ఆమె బాధ గురించి సినిమా తీసి, ఆమెని చూడటానికి జనాన్ని పిలిచారు.

నైట్‌డ్యూటీ_నర్సు
@గోదారి_గట్టు కాదనను. రెండూ ఉన్నాయి. అయినా ఆ ఫ్రేములో ఆమె భయపడుతున్నంతసేపు నాకు ఆమె వైపు నిలబడాలనే అనిపించింది తప్ప చూడాలనిపించలేదు. అది డైరెక్టర్ చేసింది కాదు, ఆమె చేసింది.

బెజవాడ_బాబ్జీ
డైరెక్టర్ చేసింది కాదా! రవిబాబు వింటే ఏమంటాడో. ఆ దెయ్యం కెప్టెన్ రాజు కూడా ఆయనే కదా, తీసిందీ ఆయనే, పీడించిందీ ఆయనే.

ఇడ్లీపాత్ర
అల్లరి, అమ్మాయిలు అబ్బాయిలు, అనసూయ, అమరావతి, అవును, అదుగో. ఆయన బడిలో 'అ' దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చున్నాడు, 'ఆవిరి'తో గానీ 'ఆ'కి ప్రమోషన్ రాలేదు.

గోదారి_గట్టు
'నచ్చావులే', 'లడ్డుబాబు' ఎవరు తీశారు మరి?

ఇడ్లీపాత్ర
ఆ రోజు సెలవు.

కోడైరెక్టర్_కష్టాలు
ఇలాంటి సినిమాలకి పనిచేశాను కాబట్టి చెప్తున్నా, పేర్లు అడగొద్దు. చిన్న హారర్ అంటే మొదటి ఖర్చు ఇల్లు. ఇల్లు దొరికితే యూనిట్ కదలక్కర్లేదు, వ్యాన్ల డీజిల్ మిగులుతుంది, లైట్లు ఒకసారి కడితే చాలు. అందుకే అన్ని సినిమాల్లోనూ ఊరి బయట ఇల్లే ఉంటుంది, కథకి అవసరమై కాదు. రాత్రి షూటింగ్ కాబట్టి జనరేటర్ ఉండాలి, అందరికీ బేటా, అంటే రోజువారీ భత్యం, ఎక్కువ ఇవ్వాలి. అందుకని ప్రొడ్యూసర్ మొదటి రోజు నుంచే "తెల్లారేలోపు ఇన్ని షాట్లు లాగాలి" అని నెత్తిన కూర్చుంటాడు.

ఇప్పుడు హీరోయిన్ సంగతి. గోడ మీద టేపు ముక్క అంటించి "అక్కడ దెయ్యం ఉంది, చూసి అరువు" అంటాం. పక్కన లైట్‌మ్యాన్ ఆవలిస్తుంటాడు. దుప్పటి దానంతటదే జారాలంటే మంచం కింద ఒక అసిస్టెంట్ పడుకుని దారం లాగుతుంటాడు. దారం తెగుతుంది, మళ్ళీ టేక్. దారం లైటుకి మెరుస్తుంది, మళ్ళీ టేక్. ప్రతిసారీ ఆ అమ్మాయి కొత్తగా భయపడాలి. కమర్షియల్ సినిమాలో హీరోయిన్‌కి ఒక పాట సరిగ్గా పడితే చాలు, ఇక్కడ ప్రతి సీన్లోనూ గొంతు, మెడ, వెన్ను అరిగిపోతాయి. ఒక సినిమాకి అయితే హీరోయిన్‌కి ఇవ్వాల్సిన చివరి విడత రిలీజయ్యాక కూడా అందలేదు, నాకూ అందలేదు, ఇద్దరం ఒకే మేనేజర్‌కి ఫోన్ చేస్తూ ఉండేవాళ్ళం.

సెకండ్‌షో_సత్తి
@కోడైరెక్టర్_కష్టాలు మరి అరుపు కూడా వాళ్ళదేనా, డబ్బింగా?

కోడైరెక్టర్_కష్టాలు
మలయాళం అమ్మాయిలకి, ముంబై అమ్మాయిలకి ఎక్కువగా డబ్బింగ్ ఆర్టిస్టులే చెప్తారు. డైలాగ్ ఒకరిది, మొహం ఒకరిది. అరుపులు, వగర్పులు కూడా స్టూడియోలో విడిగా తీస్తాం, ఎందుకంటే లొకేషన్లో జనరేటర్ మోతే వినబడుతుంది. నీళ్ళు తాగుతూ వరసగా అరవాలి. ఆ డబ్బింగ్ ఆవిడకి పోస్టర్ మీద పేరు కూడా ఉండదు. హీరోయిన్‌కే పేరు రాలేదని మనం ఏడుస్తున్నాం.

ఓరుగల్లు_ఒక్కడు
పూర్ణ సరే, ఇప్పుడు ఆ వరసలో ఉన్నది కామాక్షి భాస్కర్ల. 'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది, థియేటర్ గడప కూడా తొక్కలేదు. నోటి మాటతో జనం చూశారు, చూసి చూసి రెండో భాగాన్ని 2023 నవంబర్లో థియేటర్‌కి తెచ్చారు. లచ్చిమి పాత్ర లేకపోతే ఆ చేతబడి కథకి ప్రాణం లేదు. ఆ యాస, ఆ చూపు. చదివింది మెడిసిన్, చూస్తే పక్కింటి పొలంలో కలుపు తీస్తున్న మనిషిలా ఉంది. మేకప్ వేసి నల్లగా చేసిన సిటీ అమ్మాయిలా లేదు.

న్యూజెర్సీ_నాని
నేను 'పొలిమేర' రెండూ ఒకే రోజు చూశా. లచ్చిమి సంగతి మొదటి భాగం చివర్లో...

ఓరుగల్లు_ఒక్కడు
ఆగు ఆగు, చూడనివాళ్ళు ఉన్నారు ఇక్కడ. చెప్పావంటే నిమ్మకాయలు మంత్రించి న్యూజెర్సీకి కొరియర్ చేస్తా.

ఇడ్లీపాత్ర
కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారు, వాళ్ళకి తగులుతుంది.

పాతరీలు
మీరందరూ ఇది ఈ పదేళ్ళలో మొదలైన వ్యవహారం అనుకుంటున్నట్టున్నారు. తక్కువ డబ్బుతో సినిమా తీసి, పెద్ద హీరో లేకుండా, ఆడమనిషి మీద మొత్తం భారం వేయడం మనకి చాలా పాత అలవాటు. విజయలలిత పేరు విన్నారా? 1970లో 'రౌడీ రాణి' అని కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. కథానాయిక చేత తుపాకీ పట్టించి ఫైట్లు చేయించి పగ తీర్పించారు. ఆ రోజుల్లో మన హీరోయిన్ అంటే వంటింట్లో ఏడవాలి, గుళ్ళో పాడాలి. అలాంటి కాలంలో ఈమె విలన్లని వెతికి వెతికి కొడుతుంటే నేల టికెట్ జనం ఊగిపోయారు. అది బాగా ఆడేసరికి దాస్ గారే 1972లో 'రాణీ మేరా నామ్' అని హిందీలో తీశారు, అందులోనూ విజయలలితే. తెలుగు నుంచి వెళ్ళి హిందీలో టైటిల్ పాత్రలో ఫైట్లు చేయడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. అయినా ఆవిడని ఇవాళ ఎలా గుర్తుపెట్టుకున్నారు? క్లబ్ డాన్సుల నటి అని. లేదా విజయశాంతి పిన్ని అని.

బెజవాడ_బాబ్జీ
@పాతరీలు ఇది మాత్రం నాకు కొత్త. యాక్షన్ హీరోయిన్ అంటే విజయశాంతితోనే మొదలనుకున్నా. 'కర్తవ్యం' 1990, జాతీయ అవార్డు కూడా వచ్చింది.

పాతరీలు
'కర్తవ్యం' గొప్పదే, కాదనేవాడు లేడు. కానీ ఆ అమ్మాయి అసలు పేరు శాంతి. ముందున్న 'విజయ' ఆ పిన్ని పేరులోదే. లేడీ అమితాబ్ అని చెప్పుకునే ముందు ఇంట్లోనే ఒక రౌడీ రాణి ఉందని జనానికి తెలియాలి.

గోదారి_గట్టు
@పాతరీలు ఆ సినిమాల్ని మరీ ఆకాశానికెత్తొద్దు మాస్టారూ. ఒక ఫైటు, వెంటనే ఒక క్లబ్ పాట, మళ్ళీ ఒక ఫైటు. గౌరవం ఇచ్చి హీరోయిన్ని చేశారా, డాన్సులు చేసే అమ్మాయి తక్కువకి వస్తుంది కాబట్టి తుపాకీ కూడా ఆమె చేతికే ఇచ్చారా? జ్యోతిలక్ష్మి విషయం కూడా అంతే. నాకు బాబ్జీ గారి లెక్కే కరెక్టనిపిస్తోంది, పెద్ద హీరోయిన్లు ఒప్పుకోని పని వీళ్ళకి దొరికింది.

పాతరీలు
@గోదారి_గట్టు రెండో కారణమే అనుకో. దాస్ గారు ఎడిటింగ్ నుంచి వచ్చిన మనిషి, తక్కువ ఫిల్ముతో ఎక్కువ పరుగు చూపించడం ఆయన విద్య. కౌబాయ్ 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో ఆయన తీసిందే, అదే ఏడాది 'జేమ్స్‌బాండ్ 777'. ఆయనకి గుర్రం ఎక్కడానికి, కింద పడటానికి జంకని మనిషి కావాలి. డాన్సు తెలిసినవాళ్ళకి ఒళ్ళు వంగుతుంది, అడుగు తప్పదు, టేకులు తగ్గుతాయి. ఆ పని దొరికింది తక్కువకి కావచ్చు, చేసింది మాత్రం తక్కువగా చేయలేదు.

కోడైరెక్టర్_కష్టాలు
@పాతరీలు పాయింట్ బాగుంది. పూర్ణ కూడా డాన్సరే. కేరళ టీవీలో డాన్సు పోటీల నుంచి వచ్చింది. శరీరం మీద అదుపు ఉన్నవాళ్ళకి దెయ్యం సీన్లు తేలిక. ఎవరో వెనక నుంచి లాగినట్టు పడాలి, నిజంగా లాగేవాడు ఉండడు. మామూలు నటులు పడితే తామే దూకినట్టు ఉంటుంది.

ఇడ్లీపాత్ర
అన్నిటికన్నా తక్కువ ఖర్చు 'జగన్మోహిని'. మోహిని పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్ళు పెట్టి వంట చేసేసింది. గ్యాస్ లేదు, కట్టెలు లేవు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఖర్చు సున్నా.

పాతరీలు
నవ్వుతున్నావు గానీ 1978లో ఆ సీన్‌కి పిల్లలు కుర్చీల కింద దూరారు. విఠలాచార్య గారి పొదుపు గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. నటుడు డేట్లు సరిగ్గా ఇవ్వకపోతే మునిశాపం పెట్టి చిలకనో మేకనో చేసేసి మిగతా సినిమా దాంతో లాగించేస్తారని. నిజమో కాదో గానీ ఆయన సినిమాలు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. జయమాలినికి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. పక్క సినిమాల్లో ఒక్క పాటకి వచ్చి వెళ్ళిపోయే అమ్మాయి, ఇక్కడ కథ నడిపే మోహిని. తమిళంలోకి వెళ్ళి అక్కడా బాగా ఆడింది.

ఇడ్లీపాత్ర
మా మేనేజర్‌కి కూడా డేట్లు ఇవ్వడం మానేస్తా, చిలక అయితే కనీసం జామకాయలు దొరుకుతాయి.

వీసీఆర్_వెంకట్
హారర్ నటీమణులు అని పెట్టి, హిందీలో చవక హారర్ తీసిన రామ్సేల గురించి ఒక్క ముక్క లేకపోతే ఎలా? మా హైదరాబాద్‌లో అద్దె వీసీఆర్ తెచ్చి రాత్రంతా చూసిన బ్యాచ్ మాది. 1984 'పురానా మందిర్'లో ఆర్తీ గుప్తా, 1988 'వీరానా'లో జాస్మిన్. ఏడుగురు అన్నదమ్ములు, ఒకడు కెమెరా, ఒకడు సౌండ్, ఒకడు స్క్రిప్టు, అంతా ఇంటి మనుషులే, అందుకే అంత చవగ్గా తీసేవాళ్ళు. దెయ్యం వేసే అనిరుధ్ అగర్వాల్ అయితే రూర్కీలో చదివిన సివిల్ ఇంజనీర్. ఆయన మీద ఎన్ని వ్యాసాలున్నాయో! అదే 'వీరానా' గురించి మాట్లాడితే అందరూ జాస్మిన్ కళ్ళ గురించి చెప్తారు, ఆ తర్వాత "ఆమె ఏమైపోయింది" అని మొదలుపెడతారు. ఆ విషయం మీద నేను విన్నదేంటంటే

మోడరేటర్
@వీసీఆర్_వెంకట్ మిగతా సగం తీసేశాను. సినిమాలు వదిలేసిన మనిషి వ్యక్తిగత జీవితం మీద పుకార్లు ఇక్కడ వద్దు. సినిమా గురించి ఎంతైనా రాయండి.

నైట్‌డ్యూటీ_నర్సు
థాంక్స్ మోడరేటర్ గారూ. చూశారా సత్తి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరికింది. దెయ్యం వేసిన ఆయన చదువు, ఎత్తు అన్నీ తెలుసు. ఆమె గురించి తెలిసినవి పుకార్లు మాత్రమే.

వీసీఆర్_వెంకట్
సరే సరే. సినిమా గురించే చెప్తా. 'వీరానా'లో ఆమెకి మాటలు తక్కువ, ఎక్కువగా చూపులే. లైటింగ్ నీలం, ఎరుపు, వెనకాల పొగ. అంత చవక సెట్టింగులో ఆమె కదలకుండా నిలబడితేనే వెన్ను జలదరిస్తుంది. ఇంక వాదించను.

కొచ్చి_కోడలు
నేను తెలుగమ్మాయినే, పెళ్ళయ్యాక కేరళలో ఉంటున్నా. మీరందరూ పూర్ణ పూర్ణ అంటున్నారు, ఇక్కడ ఆ పేరు చెప్తే చాలామందికి తెలియదు, షమ్నా కాసిం అనాలి. కన్నూరు అమ్మాయి. 2008లో మోహన్‌లాల్ సినిమా 'కాలేజ్ కుమారన్'లో చేసింది. మీరు 'అవును' చూసి భయపడిన 2012లోనే ఇక్కడ 'చట్టక్కారి' వచ్చింది, ఒకప్పుడు లక్ష్మి చేసి పేరు తెచ్చుకున్న పాత్ర, దాన్ని మళ్ళీ ఈమె చేసింది. ఒకే ఏడాది ఒక భాషలో క్లాసిక్ రీమేకులో టైటిల్ పాత్ర, ఇంకో భాషలో కనబడని దెయ్యంతో పోరాటం. తమిళంలో 'సవరకత్తి' 2018లో వచ్చింది, సరిగ్గా వినబడని నిండు గర్భిణి పాత్ర. 'కొడివీరన్' కోసం గుండు కొట్టించుకుంది. కాబట్టి "హారర్ తప్ప ఏమీ రాదు" అనే మాట తెలుగులోనే, మిగతాచోట్ల కాదు.

సెకండ్‌షో_సత్తి
@కొచ్చి_కోడలు ఇదే నాకు కావాల్సిన పోస్టు. మనవాళ్ళు ఒక సినిమా ఆడితే అదే బట్టలు మళ్ళీ మళ్ళీ వేయిస్తారు.

బెజవాడ_బాబ్జీ
మనవాళ్ళూ ప్రయత్నించారు. 2016లో 'జయమ్ము నిశ్చయమ్మురా', హీరో శ్రీనివాసరెడ్డి, కాకినాడ ఆఫీసు కథ. దెయ్యం లేదు, అరుపులు లేవు, ఆమె చక్కగా చేసింది. ఎంతమంది చూశారు? ఈ థ్రెడ్‌లో ఉన్నవాళ్ళలో చూసినవాళ్ళు చెయ్యెత్తండి.

ఓరుగల్లు_ఒక్కడు
నేను చూసిన. అందులో హీరో మా కరీంనగర్ నుంచి కాకినాడ పోయిన పిల్లగాడు. మంచి సినిమా.

ఇడ్లీపాత్ర
నేను చెయ్యెత్తాను, కానీ ఆ టైముకి నిద్రలో ఉన్నాను.

బెజవాడ_బాబ్జీ
ఇద్దరు. అందులో ఒకడు నిద్రలో. ఇప్పుడు తప్పు ప్రొడ్యూసర్‌దా, మనదా? అదే మనిషి 'గుంటూరు కారం'లో కుర్చీ మడతపెట్టి పాటలో కొద్దిసేపు కనబడితే ఊరూరా రీల్స్.

గోదారి_గట్టు
@బెజవాడ_బాబ్జీ ఇది దెబ్బ. కానీ పూర్తిగా ప్రేక్షకుడి మీద తోసేయకు. 'ఎక్కడికి పోతావు చిన్నవాడా'లో నందితా శ్వేత ఉంది కదా, దెయ్యం పట్టిన పాత్ర, ఫిల్మ్‌ఫేర్ సహాయనటి అవార్డు వచ్చింది. అవార్డు వచ్చాక ఆమెకి ఏం దొరికింది? 'ప్రేమకథా చిత్రమ్ 2'. మళ్ళీ దెయ్యమే.

న్యూజెర్సీ_నాని
ఒక్క నిమిషం, 'ప్రేమకథా చిత్రమ్'లో ఉన్నది కూడా నందితే కదా?

గోదారి_గట్టు
ఆ నందిత వేరు. 2013లో సుధీర్‌బాబు పక్కన చేసింది నందితా రాజ్. రెండో భాగంలో నందితా శ్వేత.

ఇడ్లీపాత్ర
దెయ్యం ఒంట్లోకి దూరాలంటే ఆధార్ కార్డులో నందిత అని ఉండాలేమో.

కోడైరెక్టర్_కష్టాలు
ఇక్కడ ఒక మాట. దెయ్యం సినిమాల్లో ఆడ పాత్రలు రెండు రకాలు. ఒకటి భయపడేది, ఇంకొకటి భయపెట్టేది. 'అవును'లో పూర్ణ భయపడింది, 'రాజుగారి గది'లో అదే పూర్ణ బొమ్మాళిగా భయపెట్టింది. రెండూ చేయగలిగినవాళ్ళు తక్కువ. భయపెట్టే పాత్ర మేకప్‌తో సగం గెలుస్తుంది, లెన్సులు పెట్టి జుట్టు విరబోస్తే కింద నుంచి లైటు కొడితే సరిపోతుంది. భయపడే పాత్రకి మేకప్ సాయం చేయదు. కానీ మీమ్స్‌లో, పోస్టర్లలో మిగిలేది ఎప్పుడూ రెండోదే. 'మసూద'లో చూడండి, నాజియాగా బాంధవి శ్రీధర్ ఒళ్ళు విరుచుకుని నడిచే తీరు గురించి అందరూ మాట్లాడారు, తల్లిగా సంగీత పడిన బెంగ గురించి తక్కువ మాట్లాడారు. నా దృష్టిలో ఆ సినిమాని నిలబెట్టింది ఇద్దరూ. బాంధవి మాత్రం పెద్దగా తెలియని అమ్మాయి అయ్యుండి అంత చేసింది, సినిమా 2022 నవంబర్లో వచ్చింది, ఇప్పటికీ ఆ పేరు చెప్తే ఎవరూ అంటారు.

నైట్‌డ్యూటీ_నర్సు
'మసూద' నేను రాత్రి డ్యూటీ బ్రేక్‌లో ఫోన్లో చూశా. హెడ్‌ఫోన్స్‌తో. ఆ తర్వాత వార్డు చివరి మంచం దాకా ఒక్కదాన్నే వెళ్ళాల్సి వచ్చింది.

ఇడ్లీపాత్ర
@నైట్‌డ్యూటీ_నర్సు ఆ చివరి మంచం పేషెంట్ ఎలా ఉన్నాడు?

నైట్‌డ్యూటీ_నర్సు
నన్ను చూసి వాడే భయపడ్డాడు. బీపీ పెరిగిందని రాసుకున్నాను.

బెజవాడ_బాబ్జీ
నా మాట ఒకటి మిగిలిపోయింది. ఇప్పుడు పరిస్థితి కొంచెం మారింది. అప్పట్లో చిన్న హారర్‌కి థియేటర్ దొరకాలంటే పెద్ద సినిమాలు లేని వారం కోసం కాచుకోవాలి, మూడు రోజులు ఆడితే అదే పండగ. ఇప్పుడు ఓటీటీ ఉంది, హిందీ డబ్బింగ్ హక్కులు ఉన్నాయి. యూట్యూబ్‌లో హిందీ డబ్బింగ్ కింద కామెంట్లు చదవండి, మనకి పేరు తెలియని మన హీరోయిన్ గురించి బీహార్ వాడు పేరాలు రాస్తాడు. ఆ డబ్బు ఆమెకి వెళ్తుందా అంటే వెళ్ళదు, హక్కులు అమ్మినవాడికి వెళ్తుంది. కానీ ముఖం తెలుస్తుంది.

సెకండ్‌షో_సత్తి
ముఖం తెలియడమే కదా సమస్య బాబ్జీ, ముఖం మొదట్నుంచీ తెలుసు. పేరు తెలియాలి. 'దసరా'లో విలన్ భార్యగా ఉంది, 'అఖండ'లో ఉంది, అన్నిట్లో "ఈవిడెవరో తెలిసినావిడే" అనుకుని ముందుకెళ్ళిపోతాం.

గోదారి_గట్టు
దానికి నా దగ్గర మందు లేదు గానీ ఒక అనుమానం. 'ఆనందో బ్రహ్మ' 2017లో చిన్న సినిమాగా వచ్చి బాగా ఆడింది. దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడే కథ. తాప్సీ ఉంది, పేరున్న మనిషే. అయినా ఆ సినిమా అంటే ఎవరు గుర్తొస్తారు? శ్రీనివాసరెడ్డి, షకలక శంకర్, వెన్నెల కిశోర్. అంటే హారర్‌లో కామెడీ కలిపితే హీరోయిన్ ఇంకా వెనక్కి పోతుంది. 'రాజుగారి గది'లో కూడా అదే జరిగింది, నవ్వులే మిగిలాయి. సీరియస్‌గా తీస్తేనే ఆడమనిషికి చోటు.

ఓరుగల్లు_ఒక్కడు
@గోదారి_గట్టు కరెక్ట్. 'పొలిమేర'లో కామెడీ పెట్టి ఉంటే లచ్చిమి పోపులో కరివేపాకు అయ్యేది.

పాతరీలు
కామెడీ మీద నేను ఒప్పుకోను. విఠలాచార్య సినిమాల నిండా కామెడీయే, జయమాలిని ఎక్కడికీ పోలేదు. కథ ఎవరి చేతిలో పెట్టారన్నది లెక్క. 'రౌడీ రాణి'లో రాణిని తీసేస్తే సినిమా లేదు. మీరు చెప్తున్న గది సినిమాల్లో అమ్మాయిని తీసేసి ఇంకో అమ్మాయిని పెట్టొచ్చని ప్రొడ్యూసర్ నమ్ముతాడు. ఆ నమ్మకం తప్పని మీరు అంటున్నారు, నిజమే కావచ్చు, కానీ వాడు సంతకం పెట్టేటప్పుడు మీరు పక్కన ఉండరు.

కోడైరెక్టర్_కష్టాలు
@పాతరీలు నూటికి నూరు. "హీరోయిన్ ఎవరైనా పర్లేదు, ఇల్లు మాత్రం బాగుండాలి" అని ఒకాయన నా ఎదురుగానే అన్నాడు. ఇంటికి అడ్వాన్స్ ఇచ్చాకే హీరోయిన్ కోసం వెతికారు.

ఇడ్లీపాత్ర
ఇంటికి డేట్ల సమస్య ఉండదు కదా, చిలక చేయాల్సిన పని కూడా లేదు.

న్యూజెర్సీ_నాని
పాతరీలు గారూ, 'రౌడీ రాణి' చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది? హిందీది ముందు చూడనా, తెలుగుదా?

పాతరీలు
తెలుగుదే ముందు చూడు. యూట్యూబ్‌లో వెతుకు. ప్రింటు ఎలా ఉన్నా తిట్టుకోకు, బొమ్మ కంటే శబ్దం ముందు అరిగిపోయే సినిమాలు అవి. ఫైట్లలో కట్టింగ్ చూడు, ఎక్కడ డూప్ ఉన్నాడో కనిపెట్టగలిగితే వచ్చి చెప్పు.

కొచ్చి_కోడలు
నాని గారూ, పనిలో పనిగా 'సవరకత్తి' కూడా చూడండి. తమిళం రాకపోయినా పర్లేదు, అందులో ఆమెకి మిగతావాళ్ళ మాటలే సరిగ్గా వినబడవు, మీరూ ఆమే ఒకే పరిస్థితిలో ఉంటారు.

బెజవాడ_బాబ్జీ
ఇంకెవరైనా 'జయమ్ము నిశ్చయమ్మురా' చూసినవాళ్ళు వస్తే చెయ్యెత్తండి, లెక్క రెండు దగ్గరే ఆగింది.

నైట్‌డ్యూటీ_నర్సు
ఒకటిన్నర. ఇడ్లీపాత్ర గారు నిద్రపోయారు కదా.